బుర్రా వారు బోర్డు చూపించిన వైనం

బుర్రా వారి ఇంట్లో ఉండేది ముగ్గురే. పెద్దవాడు దాలినాయుడు, వాడి తమ్ముడు జోగినాయుడు, దాలినాయుడి పెళ్ళాం నూకాలమ్మ. ఇంటిపేరే బుర్రా కాబట్టి తమకి బుర్రకి లోటు లేదని ముగ్గురికీ గట్టి నమ్మకం.

"ఊళ్ళో జనానికి బుర్ర మెడ మీదే ఉంటుంది. మాకు మెడ మీద ఒకటి, ఇంటిపేర్లో ఒకటి" అనేవాడు దాలినాయుడు, అరుగు మీద కాలు మీద కాలేసుకుని.

"నాకు పెళ్ళికి ముందు ఒకటే ఉండేది. పెళ్ళయ్యాక రెండయ్యాయి" అనేది నూకాలమ్మ, ఎంతో తృప్తిగా.

జోగినాయుడు ఏమీ అనేవాడు కాదు. రెండు బుర్రలున్నవాడికి మాటలతో పనేమిటి అన్నట్టు తల పంకించేవాడు.

చెప్పింది చెప్పినట్టు చెయ్యడమే తెలివి అని వాళ్ళ లెక్క. ఒకసారి పక్కింటావిడ నీళ్ళకి వెళ్తూ "నూకాలమ్మా, పొయ్యి మీద పాలు కాస్త చూస్తూ ఉండవే" అంది. నూకాలమ్మ పీట వేసుకుని కూచుని చూసింది. పాలు పొంగాయి, చూసింది. గిన్నె మాడింది, చూసింది. పొయ్యి ఆరింది, అదీ చూసింది. పక్కింటావిడ వచ్చి నెత్తి బాదుకుంటే, "ఒక్కసారైనా రెప్ప వేస్తే ఒట్టు! చూడమన్నావు, చూశాను. దించమని చెప్పావేటి?" అంది. ఆ రోజు సాయంత్రం అరుగు మీద అన్నదమ్ములిద్దరూ ఆవిడ తెలివిని గంటసేపు మెచ్చుకున్నారు.

ఒక్క సంగతి మాత్రం ఒప్పుకోవాలి. దాలినాయుడు స్టీరింగు పట్టుకుంటే అంత నెమ్మదైన డ్రైవరు ఆ చుట్టుపక్కల లేడు. గుడ్ల బుట్ట నెత్తిన పెట్టుకుని నడిచినట్టు నడిపేవాడు లారీని. అందుకే పట్నంలో యాసిడ్ ట్యాంకర్లు తిప్పే వరహాల్రావు గారు, తన డ్రైవరు పచ్చకామెర్లతో మంచం ఎక్కేసరికి, దాలినాయుడికి కబురు పెట్టాడు.

కబురు అందిందే తడవుగా ముగ్గురూ బయల్దేరారు.

"ముగ్గురెందుకయ్యా?" అన్నాడు వరహాల్రావు గారు.

"నేను డ్రైవర్నండి. వీడు క్లీనరండి. అది బుర్రండి" అన్నాడు దాలినాయుడు పెళ్ళాన్ని చూపించి.

ఆయన నవ్వుకుని వాళ్ళని ట్యాంకరు దగ్గరికి తీసుకెళ్ళాడు. తెల్లగా తళతళలాడుతోంది ట్యాంకరు. దాని వెనకాల ఒకటి, అటు పక్కా ఇటు పక్కా చెరొకటి, మూడు రేకు బోర్డులు బిగించి ఉన్నాయి. ప్రతి బోర్డు మీదా ఒక బొమ్మ. పైనుంచి చుక్కలు పడుతుంటే కింద ఒక చెయ్యి కొరుక్కుపోతూ ఉంటుంది. పక్కన సరుకు ఏదో చెప్పే నాలుగంకెల నంబరూ, దాని కింద ఫోను నంబరూ.

"ఒరే నాయనా, బండి సంగతి నీకు చెప్పక్కర్లేదు. బోర్డు సంగతి చెబుతాను, జాగ్రత్తగా విను. లోపల ఉన్నది గంధకం యాసిడ్డు. చూస్తే నీళ్ళలా ఉంటుంది, పడితే ఎముక దాకా దిగుతుంది. రోడ్డు మీద ఏదైనా జరిగితే లోపల ఏముందో చెప్పేది ఈ బోర్డే. మనం ఉన్నా లేకపోయినా బండికి ఇదే నోరు."

జోగినాయుడు వంగి, బోర్డుకి పళ్ళున్నాయేమో అని చూశాడు.

"దీని మీద ఎప్పుడూ కన్నేసి ఉంచండి. దుమ్ము పడనివ్వకండి. దారిన పోయే ప్రతివాడికీ ఇది కనపడాలి. సాయంత్రం లోగా పటిక ఫ్యాక్టరీలో సరుకు దింపాలి. మున్సిపాలిటీ నీళ్ళలో వేసే పటిక అక్కడే తయారవుతుంది, ఆలస్యమైతే ఊరు ఊరంతా బురదనీళ్ళు తాగాలి. అర్థమైందా?"

"అక్షరం పొల్లుపోదండి" అన్నాడు దాలినాయుడు.

పాపం, నిజంగానే పోలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ట్యాంకరు గేటు దాటగానే దాలినాయుడు బండి ఆపి తమ్ముణ్ణి పిలిచాడు. "ఒరే జోగీ, బోర్డు మీద కన్నెయ్యమన్నారు కదా. నాకు రెండు కళ్ళూ రోడ్డు మీదకే సరిపోతున్నాయి. నువ్వు వెయ్యి."

"ఏ కన్నెయ్యమంటావు అన్నయ్యా?"

"ఒక కన్ను చాలు. రెండోది ఉంచుకో, మనకి పనికొస్తుంది."

అంతే. జోగినాయుడు ట్యాంకరు వెనకున్న నిచ్చెన ఎక్కి, రెండు చేతులా బోర్డుని వాటేసుకుని, కుడికన్ను రేకుకి గట్టిగా ఆనించేశాడు. బండి కదిలింది. వెనకాల వస్తున్నవాళ్ళకి బోర్డు కనపడలేదు, జోగినాయుడి వీపు మాత్రం కనపడింది. దాని మీద బొమ్మా లేదు, నంబరూ లేదు, చొక్కా చిరుగు ఒకటి ఉంది.

ఒక బస్సు డ్రైవరు పక్కకొచ్చి కిటికీలోంచి అరిచాడు. "ఏమయ్యోయ్, లోపల ఏం సరుకు?"

"బోర్డు మీద రాసుంది చూసుకో" అన్నాడు జోగినాయుడు, కన్ను తియ్యకుండా.

"నువ్వే అడ్డంగా ఉన్నావు కదయ్యా! పోనీ నువ్వే చదివి చెప్పు!"

"కన్నేశాక చదవడం ఎలా కుదురుతుందయ్యా? అంతా నల్లగా ఉంది!"

టోల్‌గేటు దగ్గర మీసాల గుమాస్తా ఒకడు బయటికొచ్చి బండి చుట్టూ తిరిగి, వెనకాల జోగినాయుణ్ణి చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఎవడ్రా నువ్వు? తల తియ్యి, బోర్డు కనపడట్లేదు!"

"తల తీస్తే చచ్చిపోనేటండీ?"

"తల తియ్యమంటే పక్కకి తియ్యమని!"

"పక్కకి తీస్తే మాత్రం బతుకుతానేటండీ?"

దాలినాయుడు కేబిన్ దిగి పరిగెత్తుకొచ్చాడు. "బాబూ, మాకు రెండేసి బుర్రలున్న మాట నిజమే గానీ, తియ్యడానికి వీలైంది ఒక్కటే. అది పోతే వాడికి పెళ్ళెలా అవుతుందండీ?" అని చేతులు పట్టుకున్నాడు.

గుమాస్తా ఆ ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. ఇంకేమీ అడగకుండా గేటు ఎత్తించి, "ముందు నువ్వు కిందికి దిగి లోపల కూచో. నడిచే బండికి వెనకాల వేళ్ళాడకూడదు" అని మాత్రం అన్నాడు. జోగినాయుడు దిగాడు. కుడికన్ను చుట్టూ ఎర్రగా, బోర్డు అంచు అచ్చు పడిపోయింది.

"పోనీలే మరిదీ, కన్ను వేసినందుకు గుర్తుంది కదా" అని ఓదార్చింది నూకాలమ్మ.

ఇంకో రెండు మైళ్ళు పోయేసరికి రోడ్డు తవ్వేసి ఉంది. బళ్ళన్నీ పక్కన మట్టి దారిలో పోతున్నాయి. ఎర్రటి దుమ్ము లేచి కేబిన్‌లోకి కొడుతోంది. నూకాలమ్మ మొగుడి భుజం తట్టింది.

"ఏమయ్యా, ఆపు! దుమ్ము పడనివ్వకండి అని ఆయన అంత ఖచ్చితంగా చెబితే, నువ్వు దుమ్ములోకే తోలుతున్నావు!"

బండి ఆగింది. నూకాలమ్మ తమ పడక మూట విప్పి, మూడు దుప్పట్లు తీసి, మూడు బోర్డుల మీదా కప్పి, అంచులు పురికోసతో బిగించి కట్టింది. పసిపిల్లలకి చెవులు కప్పినట్టు ఎక్కడా సందు లేకుండా కట్టింది.

"ఇప్పుడు దుమ్ము కాదు కదా, దుమ్ము బాబు వచ్చినా పడలేదు" అంది.

మట్టి దారి చివర టీ కొట్టు ఉంటే అక్కడ ఆగారు. తెల్లటి ట్యాంకరు, చుట్టూ దుప్పట్లు. చూసినవాళ్ళు ఏమనుకుంటారు? అయిదు నిమిషాల్లో నలుగురు ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చేశారు.

"పాల ట్యాంకరే కదమ్మా? లీటరు ఎంత?"

"పాలు కాదమ్మా" అంది నూకాలమ్మ.

"మరేంటి? మంచినీళ్ళా?"

"అదేంటో బోర్డు మీద రాసుంది."

"బోర్డేది?"

"దుప్పటి కింద."

"ఆ దుప్పటి తీసి చూపించమ్మా!" అన్నాడు టీ కొట్టు ఆయన.

నూకాలమ్మ ఆయన్ని జాలిగా చూసింది. "దుప్పటి తీస్తే దుమ్ము పడుతుంది. దుమ్ము పడితే బోర్డు కనపడదు. అది కనపడాలనే కదా కప్పి ఉంచాను!"

"కప్పి ఉంచితే ఎలా కనపడుతుందమ్మా?"

"శుభ్రంగా కనపడుతుంది."

టీ కొట్టు ఆయన బల్ల మీద కూలబడి తల పట్టుకున్నాడు. "ఎండదెబ్బ నాయనా, మజ్జిగ తాగు" అని ఆయన కొట్లోనే ఆయనకి సలహా ఇచ్చింది నూకాలమ్మ. ఆపైన, ఎందుకైనా మంచిదని, దాలినాయుడి చేత సుద్దముక్కతో దుప్పటి మీద పెద్దక్షరాలతో రాయించింది. 'బోర్డు లోపల క్షేమం.'

అప్పుడే ఇటుకల లారీ ఒకటి వచ్చి ఆగింది. దాన్ని తోలేది తలపాగా చుట్టుకున్న పెద్దాయన. అతనికి ట్యాంకరు సైజూ, మెట్లూ, పైన కవాటమూ చూడగానే సంగతి తెలిసిపోయింది. గిన్నెలు పట్టుకున్న ఆడవాళ్ళని చూసి హడలిపోయాడు.

"అమ్మా, ఇళ్ళకి పొండి, అది పాలు కాదు!" అని వాళ్ళని పంపేసి, దాలినాయుడి మీద విరుచుకుపడ్డాడు. "బుద్ధుందా నీకు? బోర్డు ఎక్కడైనా దాచిపెడతారా? తీసి అందరికీ చూపించాలి గానీ!"

"తీసి చూపించాలా?"

"తియ్యి! తీసి చూపించు! ఒక్కడు కూడా చూడకుండా మిగలకూడదు!" అని, పెద్దాయన తన దారిన తను పోయాడు. దుప్పటి తియ్యమన్నాడు ఆయన. ఆ మాట విడమర్చి చెప్పి ఉంటే ఎంత బావుండేది!

ఇంకేముంది. పక్క ఊరు చేరేసరికి అక్కడ సంత జరుగుతోంది. ఎండుచేపల వాళ్ళు, ఉల్లిపాయల రాశులు, గాజుల బళ్ళు, మేకలు, జనం ఇసక వేస్తే రాలనంతగా ఉన్నారు. దాలినాయుడి మొహం వెలిగిపోయింది. "ఇంతమందికి ఒక్కచోట చూపించే అదృష్టం మళ్ళీ వస్తుందా!" అని సంత అంచున బండి నిలిపాడు.

జోగినాయుడు దుప్పట్లు ఊడదీసి పక్కన పడేసి, రెంచి తీసుకుని బోర్డులు విప్పడం మొదలుపెట్టాడు. ఒక్కో బోర్డుకి నాలుగేసి నట్లు. రెండు పక్కలవీ విప్పి, వెనకాల బోర్డు దగ్గరికొచ్చి అయిదు విప్పాడు.

"అయిదోదేటిరా?" అన్నాడు దాలినాయుడు.

"అది బోర్డు కింద ఆ గొట్టానిది అన్నయ్యా. విప్పుతూ విప్పుతూ ఉంటే చెయ్యి ఊరుకోలేదు."

"సర్లే, జేబులో వేసుకో. ఎవరిదో కనుక్కుని ఇచ్చేద్దాం."

అంతే, ముగ్గురూ మూడు బోర్డులు ఎత్తుకుని మూడు దిక్కులా పోయారు. బండి మీద రేకు ముక్క కూడా మిగల్లేదు.

నూకాలమ్మ గాజుల బండి దగ్గర చేరి, బేరాలాడుతున్న ప్రతి ఆడదాని మొహం ముందూ బోర్డు పెట్టింది. "చూడమ్మా. చూశావా? చూశానని చెప్పు." "ఎంతమ్మా ఇది?" అని అడిగారు కొందరు. "అమ్మేది కాదమ్మా, ఊరికే చూడ్డానికి" అంటే, "మా అత్తగారి చెయ్యి ఇలాగే ఉంటుంది" అని ఒకావిడ బొమ్మని మెచ్చుకుంది. జోగినాయుడు మేకల దగ్గరికి పోయాడు. ప్రతివాడికీ అన్నారు గానీ ప్రతి మేకకీ అనలేదే అని కాసేపు ఆలోచించి, ఎందుకైనా మంచిదని మేకలకీ చూపించాడు.

దాలినాయుడికి మాత్రం ఒక పెద్ద చిక్కు వచ్చిపడింది. విస్తరాకులు అమ్మే తాత ఒకాయన గోనెపట్టా మీద కూచుని ఉన్నాడు. బోర్డు ఆయన ముక్కు దగ్గర పెట్టి, "చూశావా తాతా?" అన్నాడు.

"నాకు రెండు కళ్ళూ శుక్లాలు నాయనా. కనపడదు."

దాలినాయుడు లెక్క వేసుకున్నాడు. ప్రతివాడికీ కనపడాలి. ఈయనకి కనపడట్లేదు. అంటే ఇక్కణ్ణించి బండి కదలడానికి వీల్లేదు. ఫ్యాక్టరీకి చేరేదెప్పుడు, ఊరికి మంచినీళ్ళెప్పుడు! "తాతా, కాస్త ప్రయత్నించు తాతా. నీకు పుణ్యముంటుంది. కొంచెం గట్టిగా చూడు" అని ఆయన పక్కనే కూలబడి బతిమాలడం మొదలుపెట్టాడు.

"గట్టిగా చూస్తే కనపడే చూపైతే ఈ విస్తళ్ళు ఇలా వంకరగా ఎందుకు కుడతాను నాయనా? పోనీ, ఏముందో నోటితో చెప్పు."

"పైనుంచి చుక్కలు పడుతున్నాయి తాతా. కింద చెయ్యి ఉంది. చెయ్యి సగం లేదు."

తాత చేతిలోని ఈనెపుల్ల కింద పడిపోయింది. "మా అబ్బాయి బ్యాటరీల షాపులో పనిచేసేవాడు నాయనా. ఆ బొమ్మ డబ్బాల మీద ఉండేది. అది యాసిడ్డు. ఆ బొమ్మ నీ చేతిలో ఉంటే, యాసిడ్డు ఎక్కడుంది?"

"బండిలో."

"బండి ఎక్కడుంది?"

"సంత చివర."

"మరి ఈ బొమ్మ లేకుండా ఆ బండిని చూసినవాడికి అదేమిటో ఎలా తెలుస్తుంది?"

దాలినాయుడు నోరు తెరిచాడు. ఏదో తెలిసినట్టే ఉంది, కానీ ఇంకా పూర్తిగా తెలియలేదు. అప్పుడే సంత చివర్నించి కేకలు వినపడ్డాయి.

జేబులో వేసుకున్న ఆ అయిదో నట్టు, ట్యాంకరు వెనక గొట్టం మూతది. మిగతావి బిగువుగానే ఉన్నా, ఆ ఒక్క మూలనుంచి ముందు బొట్టు, తర్వాత ధార, సన్నగా కారడం మొదలైంది. కింద మట్టి బుసబుసమని పొగలు కక్కుతోంది. ఎవరో ఫోను చేస్తే, ఊరికి దగ్గర్లోనే ఉన్న ఫైరింజను గంట మోగిస్తూ వచ్చేసింది. ఫైరాఫీసరు అప్పలస్వామి దిగుతూనే బండి చుట్టూ పరిగెత్తాడు. ఎడమ పక్క చూశాడు, బోర్డు లేదు. కుడి పక్క చూశాడు, లేదు. వెనకాల చూశాడు, నాలుగు కన్నాలున్నాయి.

"ఏముంది దీన్లో? డ్రైవరేడి?"

ఎవరికీ తెలియదు. "పాలనుకుంటానండి" అన్నాడొకడు. "పాలు పొగలొస్తాయేంట్రా!" అన్నాడు ఇంకొకడు. నీళ్ళ గొట్టం పట్టుకున్న ఫైరు కుర్రవాడు, "నీళ్ళు కొట్టమంటారా సార్?" అని అడిగాడు. అప్పలస్వామికి కొట్టమనడానికి భయం, వద్దనడానికి భయం. జనం అప్పటికే తోసుకుంటున్నారు, పిల్లలు ఏడుస్తున్నారు.

"ఒక్క నిమిషం చూసి కొట్టెయ్యండి!" అన్నాడు చివరికి.

ఆ నిమిషంలోనే మేకల మధ్యనుంచి జోగినాయుడు బోర్డుతో పరిగెత్తుకొచ్చాడు.

"అక్కడే ఆగు!" అని అరిచాడు అప్పలస్వామి, కారుతున్న చోటికి దగ్గరగా రాకూడదని.

జోగినాయుడు ఒక కాలు గాల్లో ఉండగానే ఆగిపోయాడు. బోర్డు వెనక వైపు, ఉత్త రేకు వైపు, ఆఫీసరుకి కనపడుతోంది.

"బోర్డు తిప్పు!"

జోగినాయుడు తిప్పాడు. బండి చక్రం తిప్పినట్టు గిర్రున తిప్పడం మొదలుపెట్టాడు.

"అలా కాదు! ఇటు తిప్పు!"

ఇటువైపుకి గిర్రున తిప్పాడు.

"ఒరే ఆపరా!"

"ఏది ఆపమంటారండీ? ఒక కాలు ఇప్పటికే ఆపే ఉంచాను!"

అప్పుడు దాలినాయుడు తాతని చెయ్యి పట్టుకుని లాక్కుంటూ వచ్చాడు. తాత దూరం నుంచే గొంతు చించుకున్నాడు. "యాసిడ్డు బాబూ! గంధకం యాసిడ్డు! నీళ్ళు పొయ్యకండి!" దాలినాయుడు తన బోర్డుని రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాడు. చుక్కలూ, చెయ్యీ, నంబరూ ఎండలో స్పష్టంగా కనపడ్డాయి.

"నీళ్ళు ఆపండి!" అని అరిచాడు అప్పలస్వామి. "ఆపండి, ఆపండి! నీళ్ళు పడితే ఉడికి ఎగిరి మీద పడుతుంది! ఇసక తెండి!"

ఇంకేముంది, సంత సంతంతా కదిలింది. ఇల్లు కట్టుకుంటున్న ఒకాయన పోయించుకున్న ఇసక గుట్టలోంచి బుట్టలతో అందించారు. ఫైరు వాళ్ళు పెద్ద చేతితొడుగులు వేసుకుని చుట్టూ గట్టు కట్టారు. "ఈ మూతకి నట్టు ఒకటి లేదు" అన్నాడొకడు.

జోగినాయుడు జేబులోంచి తీసి చూపించాడు. "ఇది మీదేనేటండీ? ఎవరిదో తెలియక దాచి ఉంచాను."

నట్టు బిగించాక ధార ఆగింది. పొగ తగ్గింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఉల్లిపాయల వాడి గోనెసంచి ఒకటి మాత్రం కన్నాలు పడింది.

అప్పలస్వామి ఆ ముగ్గురినీ చెట్టు కిందికి పిలిచాడు. తిడతాడనుకున్నారు. ఆయన తిట్టలేదు. మంచినీళ్ళ గ్లాసు తెచ్చిస్తే తాగకుండా పక్కన పెట్టాడు.

"ఇంకో పది అంకెలు లెక్కపెట్టి ఉంటే నేను నీళ్ళు కొట్టించేసేవాణ్ణి" అన్నాడు నెమ్మదిగా. "గొట్టం పట్టుకున్నాడే ఆ కుర్రవాడు, వాడికి మొన్ననే కూతురు పుట్టింది. వాడి మొహం మీద పడేది. నాకు తెలిసీ కాదు, తెలియకే. బండి మీద బోర్డు లేకే."

నూకాలమ్మ అటు చూసింది. ఆ కుర్రవాడు ఫైరింజను మెట్టు మీద కూచుని బూట్లకంటిన ఇసక దులుపుకుంటున్నాడు. నూకాలమ్మ గబగబా లేచి వెళ్ళి, గాజుల బండి దగ్గర తను కొనుక్కున్న డజను గాజుల్లోంచి చిన్న సైజువి ఏరి, "నీ కూతురికి బాబూ" అని వాడి చేతిలో పెట్టింది. అవి ఆ పిల్లకి ఇరవై ఏళ్ళు వస్తే గానీ సరిపోవు. వాడు నవ్వి పుచ్చుకున్నాడు.

దాలినాయుడు తల వంచుకుని, "మాకు చెప్పింది చెప్పినట్టు చేశామండి" అన్నాడు. మొట్టమొదటిసారి ఆ మాట అంటుంటే వాడికి గర్వంగా అనిపించలేదు.

దగ్గరుండి మూడు బోర్డులూ బండికి బిగింపించాడు అప్పలస్వామి. తాతకి దండం పెట్టాడు. బండి కదలబోతుంటే కిటికీ దగ్గరికొచ్చి, విడమర్చి చెప్పాలని, ఒక్కో మాటా ఒత్తి ఒత్తి చెప్పాడు.

"చూడండి నాయనా. సరుకు దింపేశాక కూడా, ట్యాంకు కడిగేదాకా బోర్డు ఉండాల్సిందే. ఏ దిక్కునుంచి చూసినా కనపడాలి. బోర్డుకి అడ్డం అన్నది ఉండకూడదు. అడ్డం ఏదుంటే అది తీసి అవతల పెట్టండి. సరేనా?"

"అక్షరం..." అనబోయి దాలినాయుడు నాలిక్కరుచుకుని, "సరేనండి" అన్నాడు.

మూడు గంటలకల్లా పటిక ఫ్యాక్టరీ చేరారు. సరుకు దింపారు. కాటా దగ్గర మనిషి బోర్డులు చూసి, "ఇంత శుభ్రంగా ఉన్న బోర్డులు ఈ మధ్య చూళ్ళేదు" అన్నాడు. ముగ్గురికీ పోయిన ప్రాణం లేచొచ్చింది. తిరుగు దారిలో, ఎండ వాలుతుండగా, నాలుగు రోడ్ల కూడలి దగ్గర అన్నం తినడానికి ఆగారు. నాలుగు మూలలా సరుగుడు తోటలు, ఎటు చూసినా ఒక్కలాగే.

తిన్నాక దాలినాయుడు ఊరుకోలేదు. "ఆయన అన్నట్టు ఉందో లేదో ఓసారి చూసుకుందాం" అని బండి వెనక్కి వెళ్ళాడు. వెనకాల బోర్డు బ్రహ్మాండంగా కనపడింది. పక్కలకి వెళ్ళాడు. పక్కవి కనపడ్డాయి. బండి ముందుకెళ్ళి నిలబడ్డాడు. అంతే, వాడి మొహం మాడిపోయింది.

"జోగీ! ఇక్కణ్ణించి చూస్తే ఒక్క బోర్డూ కనపడట్లేదురా!"

జోగినాయుడు వచ్చి చూశాడు. వంగి చూశాడు, ఎగిరి చూశాడు. "నిజమే అన్నయ్యా. ఏదో అడ్డం వస్తోంది."

"ఏది అడ్డం వస్తోంది?"

ముగ్గురూ నిలబడి ఆలోచించారు. ఆరు బుర్రలు. చివరికి నూకాలమ్మ చెయ్యి చాపి వేలు పెట్టి చూపించింది.

"ఇంకేటి, ఇదే! ఇంతెత్తు, ఇంత పొడుగు. మూడు బోర్డులకీ ఇదే అడ్డం!"

"అమ్మ దీని దుంపతెగ, లారీ!" అన్నాడు దాలినాయుడు. "ఇన్నాళ్ళూ ఎవరికీ తోచలేదు చూడు!"

ఇంకేముంది. సరుగుడు వాసాలు మూడు తెచ్చి కూడలి మధ్యలో పాతారు. మూడు బోర్డులూ విప్పి (ఈసారి ఖచ్చితంగా నాలుగేసి నట్లే విప్పారు) వాసాలకి బిగించారు. దాలినాయుడు ఖాళీ బండిని జాగ్రత్తగా తోలుకుపోయి, ఏ దిక్కునుంచీ ఏ మాత్రం అడ్డం రాకుండా, ఒక సరుగుడు తోటలోకి లోతుగా పెట్టి వచ్చాడు. తర్వాత ముగ్గురూ కూడలి చుట్టూ తిరిగి చూశారు. తూర్పునుంచి కనపడింది, పడమర నుంచి కనపడింది, ఉత్తరం దక్షిణం అన్నీ కనపడ్డాయి. ఆ దారిన వచ్చిన బస్సు దూరంగానే ఆగిపోయింది. జనం కిటికీలు మూసుకుని, యాసిడ్డు ఎక్కడుందా అని నాలుగు వైపులా వెతుక్కుంటున్నారు.

"ఎలా చూస్తున్నారో చూడవే!" అన్నాడు దాలినాయుడు, కళ్ళు చెమర్చి.

అప్పుడే జేబులో ఫోను మోగింది. అవతల వరహాల్రావు గారు. సంతలో సంగతి ఆయన చెవిన పడినట్టుంది, గొంతులో కంగారు.

"ఒరే దాలినాయుడూ, అందరూ బావున్నారా? బోర్డులు ఉన్నాయా?"

"దివ్యంగా ఉన్నాయండి! ఎటునుంచి చూసినా కనపడుతున్నాయండి. అడ్డమన్నది లేదండి. బస్సు ఆపుకుని మరీ చూస్తున్నారండి!"

"హమ్మయ్య, బతికించావు. బండి ఎక్కడుంది?"

దాలినాయుడు తూర్పు తోట వైపు చూశాడు. పడమటి తోట వైపు చూశాడు. మిగిలిన రెండింటినీ చూశాడు. నాలుగూ ఒక్కలాగే ఉన్నాయి. తమ్ముడి వైపు చూశాడు, పెళ్ళాం వైపు చూశాడు. వాళ్ళూ నాలుగు తోటలూ చూసి, భుజాలు ఎగరేశారు. దాలినాయుడు గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, బోర్డు కనపడాలన్నారు గానీ, బండి కనపడాలని ఎవరూ చెప్పలేదు కదండీ!"